జాగ్వార్ ఇ-టైప్, కార్వెట్ స్టింగ్ రే: జుఫైర్ వైపు నుంచి రెండు దేశాల స్పోర్ట్స్ కార్లు

జాగ్వార్ ఇ-టైప్ బ్రిటన్‌లోని కొవెంట్రీలో 1961 నుంచి తయారైన స్పోర్ట్స్ కారు. షెవర్లే కార్వెట్ స్టింగ్ రే అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1963 మోడల్‌గా మొదలై 1967 మోడల్ దాకా సాగింది. రెండూ మొదట ఇద్దరు కూర్చునే బండ్లే. రెండింటికీ పొడవాటి ముక్కు, అందులో ఇంజను, శక్తి వెనక చక్రాలకు, నాలుగు చక్రాలకూ దేనికదే విడి సస్పెన్షన్. పొడవు రెండింటిదీ నాలుగున్నర మీటర్లకు కాస్త తక్కువ. ఇన్ని పోలికలున్నా బానెట్ ఎత్తి, బండి కిందికి దూరి చూస్తే రెండు వేరువేరు లోకాలు కనిపిస్తాయి. ఇ-టైప్ కార్ల పందేల నుంచి, విమానాల లెక్కల నుంచి వీధిలోకి దిగివచ్చింది. స్టింగ్ రేను కుటుంబాల కార్లు లక్షల్లో చేసే ఒక పెద్ద కంపెనీ తన దగ్గరున్న విడిభాగాలతో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ పోయింది.

బహ్రెయిన్ రాజధాని మనామాలోని జుఫైర్ ఈ రెండు దేశాల నీడా పడిన చోటు. అక్కడి నౌకా స్థావరం మొదట బ్రిటన్‌ది, తర్వాత అమెరికాది. స్పోర్ట్స్ కార్ల చరిత్రలోనూ ఈ రెండు దేశాల మధ్య బండ్లను, వాటి మీద మోజును మోసుకెళ్ళినవాళ్ళలో సైనికులు ముఖ్యులు. అందుకే ఈ పోలికకు జుఫైర్‌ను నేపథ్యంగా తీసుకోవడం సబబు.

జుఫైర్

బ్రిటిష్ నౌకాదళం 1935లో జుఫైర్‌లో స్థావరం పెట్టింది. దాని పేరు హెచ్.ఎం.ఎస్. జుఫైర్. అంతకు మూడేళ్ళ ముందే, 1932లో, గల్ఫ్ అరబ్బు తీరంలో మొదటి చమురు బహ్రెయిన్‌లో పడింది. తవ్విన బాప్కో సంస్థ కాలిఫోర్నియాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్‌ది. అయితే బ్రిటిష్ నిబంధనలకు లోబడి ఉండటానికి దాన్ని కెనడాలో నమోదు చేశారు. అంటే రక్షణ బ్రిటన్ చేతిలో, చమురు అమెరికా పెట్టుబడిలో ఉన్న దేశం అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నౌకాదళానికి కూడా బ్రిటిష్ స్థావరంలోనే కొంచెం చోటు దొరికింది.

ఇ-టైప్ పుట్టిన 1961లో జుఫైర్ దుకాణాల్లో చెల్లిన డబ్బు గల్ఫ్ రూపాయి. దాన్ని ముద్రించింది మన రిజర్వ్ బ్యాంకే. 1965లో పది రూపాయలకు ఒకటి చొప్పున బహ్రెయిన్ దీనారు వచ్చాకే ఆ రూపాయి వెళ్ళిపోయింది. మరో రెండేళ్ళకు, 1967లో, రోడ్డు కూడా మారింది. అప్పటిదాకా బ్రిటిష్ పద్ధతిలో ఎడమ పక్కన నడిచిన బహ్రెయిన్ బండ్లు ఆ ఏడాది నుంచి కుడి పక్కకు మారాయి. కార్ల విషయంలో ఇది చిన్న మార్పు కాదు. కుడి చేతి స్టీరింగుతో వచ్చే బ్రిటిష్ బండి ఒక్కరోజులో అక్కడ ఎదురు బండిని దాటడానికి ఇబ్బందిపడే బండి అయింది. ఎడమ చేతి స్టీరింగుతో వచ్చే అమెరికన్ బండికి ఆ రోడ్డు సొంత రోడ్డు అయింది.

1971 ఆగస్టు 15న బహ్రెయిన్ స్వతంత్ర దేశమైంది. ఆ ఏడాది చివరికి బ్రిటిష్ నౌకాదళం స్థావరం ఖాళీ చేసింది. అందులో కొంత భాగం అమెరికా నౌకాదళం తీసుకుంది. 1995లో అమెరికా అయిదో నౌకాదళాన్ని తిరిగి ఏర్పాటు చేసినప్పుడు దాని కేంద్రమూ అక్కడే పెట్టింది. 2018లో బ్రిటన్ పక్కనే ఉన్న మీనా సల్మాన్ రేవులో మళ్ళీ ఒక నౌకా కేంద్రం తెరిచింది. ఇవాళ జుఫైర్ అంటే హోటళ్ళు, అపార్టుమెంట్లు, అమెరికన్ తిండి దుకాణాలు, గల్ఫ్‌కు బతుకుదెరువు కోసం వచ్చిన భారతీయులు. వాళ్ళలో మన తెలుగు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. అక్కడి అల్ ఫాతెహ్ మహా మసీదు 1980ల చివర్లో పూర్తయింది. దాని గుమ్మటం మొత్తం ఫైబర్‌గ్లాస్‌తో చేసింది. 60 టన్నులకు పైగా బరువుండే ఆ గుమ్మటం ప్రపంచంలోని అతి పెద్ద ఫైబర్‌గ్లాస్ గుమ్మటాల్లో ఒకటి. కార్వెట్ ఒళ్ళు కూడా ఫైబర్‌గ్లాసే కాబట్టి ఈ సంగతికి ఇక్కడ చోటుంది. ఉప్పుగాలిలో ఆ పదార్థం ఎందుకు నిలుస్తుందో ముందు ముందు చూద్దాం.

సైనికుల వెంట వచ్చిన మోజు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో స్పోర్ట్స్ కారు అనేది కొద్దిమంది ధనికుల సరదా. యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఉన్న అమెరికన్ సైనికులు అక్కడి ఇరుకు రోడ్ల మీద చిన్న చిన్న ఎం.జి. కార్లు చురుగ్గా మలుపు తిరగడం చూశారు. తిరిగి వెళ్ళేటప్పుడు కొందరు వాటిని ఓడల్లో వెంట తీసుకెళ్ళారు. ఎం.జి. టి.సి. అనే చిన్న బండి అమెరికాలో ఒక కొత్త మోజు పుట్టించింది. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ ఊరి వీధుల్లో కార్ల పందేలు మొదలయ్యాయి.

బ్రిటన్‌కు అప్పుడు కావలసింది డాలర్లు. ఎగుమతులు చేసే కంపెనీలకే ప్రభుత్వం ముందు ఉక్కు కేటాయించేది. 1922లో బ్లాక్‌పూల్‌లో మోటారు సైకిళ్ళకు పక్కబండ్లు చేసే దుకాణంగా మొదలైన విలియం లయన్స్ సంస్థ, అంటే తర్వాతి జాగ్వార్, ఈ అవసరాన్ని అందరికంటే బాగా పట్టుకుంది. యుద్ధ రాత్రుల్లో కొవెంట్రీ ఫ్యాక్టరీ మీద బాంబులు పడితే మంటలు ఆర్పడానికి కాపలా కూర్చున్నప్పుడు, లయన్స్, ఇంజనీర్లు విలియం హేన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ కలిసి ఒక కొత్త ఇంజను గురించి మాట్లాడుకునేవారు. ఆ మాటల్లోంచి వచ్చిందే ఎక్స్.కె. ఇంజను. 1948లో లండన్ ప్రదర్శనలో ఎక్స్.కె. 120 కారుతో పాటు బయటికొచ్చిన ఆ ఇంజను నాలుగు దశాబ్దాలకు పైగా జాగ్వార్ కుటుంబం కార్లను నడిపింది.

అమెరికా సొంత జవాబు 1953 జనవరిలో వచ్చింది. జనరల్ మోటార్స్ స్టయిలింగ్ అధిపతి హార్లీ ఎర్ల్ న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో ఒక తెల్లని తెరిచిన బండిని ప్రదర్శనకు పెట్టారు. చిన్న యుద్ధనౌక పేరు మీద దానికి కార్వెట్ అని పేరు పెట్టారు. మొదటి ఏడాది చేసినవి 300 మాత్రమే. అన్నీ తెలుపు, లోపల ఎరుపు. చూపుకు స్పోర్ట్స్ కారే కానీ ఇంజను మామూలు ఆరు సిలిండర్లది, గేర్‌బాక్సు రెండు గేర్ల ఆటోమేటిక్. 1955లో ఏడు వందల బండ్లే తయారయ్యాయి. కంపెనీ దాదాపు చేతులెత్తేసింది.

దాన్ని నిలబెట్టింది జోరా ఆర్కస్-డుంటోవ్. ఆయన బ్రస్సెల్స్‌లో పుట్టిన రష్యన్ యూదు కుటుంబం బిడ్డ. పెట్రోగ్రాడ్‌లో పెరిగి, బెర్లిన్‌లో చదివి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరారు. మధ్యలో కొంతకాలం ఇంగ్లండులో అలార్డ్ కార్ల సంస్థలో పనిచేశారు. కార్వెట్‌ను ప్రదర్శనలో చూసి జనరల్ మోటార్స్‌లో చేరిన ఈ మనిషి, 1955లో వచ్చిన కొత్త వి8 ఇంజనుతో దానికి ప్రాణం పోశారు. అమెరికన్ స్పోర్ట్స్ కారుకు తండ్రిగా పేరొందినవాడు యూరప్‌లో నేర్చుకున్న ఇంజనీరు కావడం ఈ కథలో ముఖ్యమైన విషయం. జాతీయ సంప్రదాయం అని మనం పిలిచేది పుట్టుకతో వచ్చేది కాదు. అది ఫ్యాక్టరీ, రోడ్డు, కొనేవాడి జేబు కలిసి నేర్పేది.

1960 లె మాన్: ఒకే పందెంలో రెండూ

ఇ-టైప్, స్టింగ్ రే రెండూ ఇంకా బజారులోకి రాకముందు, వాటి పూర్వరూపాలు ఒకే పందెంలో, ఒకే యజమాని కింద దిగాయి. 1960 జూన్‌లో జరిగిన లె మాన్ 24 గంటల పందేనికి అమెరికన్ సంపన్నుడు, రేసు డ్రైవరు బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ మూడు కార్వెట్లు తీసుకెళ్ళారు. వాటితో పాటు జాగ్వార్ ఇచ్చిన ఇ2ఎ అనే ప్రయోగాత్మక కారునూ ఆయనే దింపారు. ఇ2ఎలో వెనక చక్రాలకు విడి సస్పెన్షన్ ఉంది. ఏడాది తర్వాత ఇ-టైప్‌లో వచ్చే సస్పెన్షన్‌కు అది పరీక్ష.

ఇ2ఎ ఇంజను దెబ్బతిని రాత్రిపూటే ఆగిపోయింది. మూడు కార్వెట్లలో రెండు మధ్యలో తప్పుకున్నాయి. మిగిలిన ఒక్కదాన్ని జాన్ ఫిచ్, బాబ్ గ్రాస్‌మన్ నడుపుతున్నారు. చివరి గంటల్లో దాని ఇంజను నీళ్ళు కోల్పోయి వేడెక్కింది. నిర్ణీత చుట్లు పూర్తి కాకుండా నీళ్ళు నింపకూడదని పందెం నిబంధన. జట్టువాళ్ళు తిండి సామాను చల్లగా ఉంచడానికి తెచ్చిన మంచుగడ్డలు పట్టుకొచ్చి ఇంజను చుట్టూ కూరారు. బండి ఒక చుట్టు తిరిగి వచ్చేది, మళ్ళీ మంచు కూరేవారు. అలా మెల్లగా తిరుగుతూ ఆ కార్వెట్ మొత్తం మీద ఎనిమిదో స్థానంలో, తన తరగతిలో మొదటి స్థానంలో పందెం ముగించింది.

ఈ ఘటనలో రెండు సంప్రదాయాల స్వభావమూ ఉంది. జాగ్వార్ కొత్త పద్ధతిని పందెంలో పెట్టి పరీక్షించింది. ఓడినా అందులో నేర్చుకున్నది వీధి కారులోకి వెళ్ళింది. కార్వెట్ దుకాణంలో దొరికే బండికి చాలా దగ్గరగా ఉండి, గట్టిదనంతో నిలబడింది.

ఇ-టైప్

1961 మార్చి 15న జెనీవాలో ఇ-టైప్‌ను విలేకరులకు చూపించారు. ఒక కారును కంపెనీ మనిషి బాబ్ బెర్రీ కొవెంట్రీ నుంచి నేరుగా నడుపుకుంటూ తెచ్చారు. చూడాలన్నవాళ్ళు, నడిపి చూడాలన్నవాళ్ళు ఎక్కువైపోవడంతో టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ రాత్రికి రాత్రి రెండో కారును యూరప్ దాటించి తెచ్చారు.

దాని ఆకారం వెనక ఉన్నది మాల్కం సేయర్. ఆయన బ్రిస్టల్ విమాన కంపెనీ నుంచి వచ్చినవారు. తనను డిజైనరు అంటే ఒప్పుకునేవారు కాదు, గాలి లెక్కల మనిషిని అనేవారు. మట్టి నమూనా చెక్కి అందం వెతకడం కాకుండా, లాగరిథం పట్టికలతో వంపుల కొలతలు లెక్కగట్టి గీసేవారు. 1955, 1956, 1957లలో వరసగా లె మాన్ గెలిచిన డి-టైప్ జాగ్వార్ ఆకారమూ ఆయనదే. డి-టైప్‌లో లాగే ఇ-టైప్‌లోనూ కూర్చునే భాగం మొత్తం రేకులతో చేసిన ఒక పెట్టె, ఇ-టైప్‌లో ఆ రేకులు ఉక్కువి. దానికి వేరే చాసిస్ లేదు. ఆ పెట్టె ముందు చదరపు గొట్టాలతో అల్లిన చట్రం బిగించి, అందులో ఇంజను, ముందు సస్పెన్షన్ పెట్టారు. బానెట్, రెండు మడ్‌గార్డులు, ముక్కు అన్నీ ఒకే భాగంగా ముందుకు తెరుచుకుంటాయి. దాన్ని తెరిచి చూస్తే ఈ బండిని కట్టినవాళ్ళు విమానం గురించి ఆలోచించారని అర్థమవుతుంది.

ఇంజను 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఎక్స్.కె. పైన రెండు క్యామ్‌షాఫ్టులు, అల్యూమినియం హెడ్, మూడు ఎస్.యు. కార్బ్యురేటర్లు. కంపెనీ చెప్పిన శక్తి 265 హార్స్‌పవర్. గంటకు 150 మైళ్ళు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు పోతుందన్నారు. పత్రికలకు ఇచ్చిన కార్లు ప్రత్యేకంగా సిద్ధం చేసినవి కాబట్టి ఆ వేగం వచ్చింది. కొనుక్కున్నవాడికి అంత రావడం కష్టం. కానీ ధర చూడాలి. పన్నుతో కలిపి సుమారు 2,100 పౌండ్లు. అంత వేగం పోయే ఆస్టన్ మార్టిన్ డిబి4 ధర దాదాపు రెండింతలు. ఇ-టైప్ గొప్పదనం నా దృష్టిలో అందంలో కన్నా ఈ ధరలోనే ఉంది. ఖరీదైన పందెం కారులోని పద్ధతులను మధ్యతరగతికి కాస్త పైనున్నవాడు కొనగల ధరకు దించిన సంస్థ అప్పట్లో మరొకటి లేదు.

లోపాలూ ఉన్నాయి. మొదటి బండ్ల మాస్ గేర్‌బాక్సులో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు, గేరు పడటానికి ఓపిక కావాలి. 1964లో 4.2 లీటర్ల ఇంజనుతో పాటు కొత్త గేర్‌బాక్సు వచ్చేదాకా ఈ ఇబ్బంది పోలేదు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1996లో ఒక ఇ-టైప్‌ను తన సేకరణలో చేర్చుకుంది.

ఆ 1961లోనే మద్రాసు దగ్గర స్టాండర్డ్ మోటార్స్ వాళ్ళు స్టాండర్డ్ హెరాల్డ్ కారు చేయడం మొదలుపెట్టారు. దాని మాతృసంస్థ స్టాండర్డ్-ట్రయంఫ్ కూడా కొవెంట్రీదే. మన తెలుగు ఊళ్ళలో డాక్టర్లు, వకీళ్ళు నడిపిన హెరాల్డ్‌కూ ఇ-టైప్‌కూ ఊరు ఒకటేనని ఇప్పుడు చాలామందికి తెలియదు.

స్టింగ్ రే

అమెరికా కార్ల కంపెనీల సంఘం 1957లో పందేలకు దూరంగా ఉంటామని తీర్మానించింది. జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ తర్వాత స్టయిలింగ్ పగ్గాలు పట్టిన బిల్ మిచెల్, ఆగిపోయిన ఒక పందెం కార్వెట్ చాసిస్‌ను సొంతానికి తీసుకున్నారు. కుర్ర డిజైనర్ పీటర్ బ్రాక్ గీసిన బొమ్మ ఆధారంగా, లారీ షినోడా చేయితో దానికి కొత్త ఒళ్ళు కట్టించి స్టింగ్‌రే అని పేరు పెట్టారు. మిచెల్‌కు సముద్రంలో చేపల వేట ఇష్టం. స్టింగ్‌రే అనేది ఒక ముల్లు చేప పేరే. కంపెనీ పేరు లేకుండానే వాషింగ్టన్ దంతవైద్యుడు డిక్ థాంప్సన్ దాన్ని నడిపి 1960లో తన తరగతి జాతీయ విజేత అయ్యారు. 1963 మోడల్ కార్వెట్ ఒళ్ళు ఆ పందెం కారు నుంచే వచ్చింది.

కత్తి అంచులాంటి మడ్‌గార్డులు, వెనక అద్దాన్ని నిలువునా రెండుగా చీల్చే వెన్నెముక, మూసుకుపోయే హెడ్‌లైట్లు దాని గుర్తులు. ఆ లైట్లు మోటారుతో గిరుక్కున తిరిగి బయటికి వస్తాయి. వెనక అద్దం చీలిక చూపుకు అడ్డమని డుంటోవ్ వ్యతిరేకించారు. మిచెల్ పట్టుబట్టి ఒక్క ఏడాది ఉంచారు. 1964లో అది పోయింది. ఇప్పుడు 1963 కూపేలకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఆ చీలికే. కానీ వెనక నుంచి వచ్చే బండి కనిపించాలంటే డుంటోవ్ మాటే నిజం.

ఇంజను 327 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.4 లీటర్ల వి8. క్యామ్‌షాఫ్టు ఒక్కటే, అదీ బ్లాకు లోపలే. వాల్వులను పుష్‌రాడ్లు తెరుస్తాయి. కాగితం మీద ఇది ఎక్స్.కె. కన్నా పాత పద్ధతి. కానీ ఈ ఇంజను చిన్నది, పొట్టిది, తేలిక, ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు. వాల్వుల మీది రాకర్లను ఖరీదైన పోతతో కాక రేకు అచ్చుతో చేసి ఒక గుండు బోల్టు మీద నిలబెట్టారు. దానివల్ల ఖర్చు తగ్గింది, ఇంజను వేగంగా తిరిగింది కూడా. 250 హార్స్‌పవర్ నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 360 దాకా కొనేవాడు ఎంచుకోవచ్చు. 1963లో 21,513 బండ్లు తయారయ్యాయి. అప్పటిదాకా ఏ ఏడాదీ అన్ని కార్వెట్లు రాలేదు.

ఒళ్ళు ఫైబర్‌గ్లాస్. 1953లో ఆ పదార్థం ఎంచుకోవడానికి కారణం ఖర్చే. ఉక్కు రేకును అచ్చుకొట్టాలంటే భారీ డైలు కావాలి. కొన్ని వేల బండ్లకు ఆ ఖర్చు గిట్టదు. గాజు నారను రెసిన్‌తో కలిపి అచ్చులో పోస్తే తక్కువ పెట్టుబడితో ఏ వంపైనా వస్తుంది. స్టింగ్ రేలో ఆ ఒళ్ళు లోపల ఉక్కు పంజరం, దాని కింద నిచ్చెనలాంటి బలమైన ఉక్కు చాసిస్ ఉన్నాయి.

ఎదురెదురుగా

రెండు కార్ల వెనక సస్పెన్షన్ పక్కపక్కన పెట్టి చూడటం ఈ పోలికలో అన్నిటికంటే ఆసక్తికరం. చక్రానికి శక్తి మోసుకెళ్ళే హాఫ్ షాఫ్టునే పైన పట్టుకునే కడ్డీగా వాడుకోవడం రెండింటిలోనూ ఉంది. ఇద్దరు ఇంజనీర్లు రెండు దేశాల్లో ఒకే ఆలోచనకు వచ్చారు. అక్కడి నుంచి దారులు వేరు. జాగ్వార్‌లో ఒక్కో వెనక చక్రానికి రెండేసి కాయిల్ స్ప్రింగులు, రెండేసి షాక్ అబ్సార్బర్లు. డిస్క్ బ్రేకులు చక్రం దగ్గర కాక మధ్యలో డిఫరెన్షియల్ పక్కన. ఇదంతా చక్రం బరువు తగ్గించడానికి, గతుకుల మీద చక్రం రోడ్డును వదలకుండా ఉండటానికి. కార్వెట్‌లో రెండు వెనక చక్రాలకూ కలిపి అడ్డంగా ఒకే ఒక కమాను కట్ట. మన లారీల కింద ఉండే కమాను పట్టీల లాంటిదే, కాకపోతే అడ్డంగా ఉంటుంది. చవక, తక్కువ చోటు, పని బాగా చేస్తుంది. జాగ్వార్ పద్ధతి మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ వెనక బ్రేకులు బాగుచేయాలంటే మెకానిక్ మొత్తం కట్టను కిందికి దించాల్సి రావచ్చు. కార్వెట్ మెకానిక్‌కు ఆ బాధ లేదు.

బ్రేకుల దగ్గర జాగ్వార్ చాలా ముందుంది. 1953లో లె మాన్ గెలిచిన సి-టైప్ జాగ్వార్‌కు డన్లప్ డిస్క్ బ్రేకులున్నాయి. ఇ-టైప్‌కు మొదటి రోజు నుంచే నాలుగు చక్రాలకూ డిస్కులు. కార్వెట్‌కు 1964 దాకా డ్రమ్ములే. 300 హార్స్‌పవర్ బండికి డ్రమ్ములు చాలవని అందరికీ తెలుసు. 1965లో నాలుగు డిస్కులూ వచ్చాక కానీ స్టింగ్ రే పూర్తి స్పోర్ట్స్ కారు కాలేదని చెప్పాలి. స్టీరింగులోనూ జాగ్వార్‌ది నేరుగా పనిచేసే ర్యాక్ పద్ధతి, కార్వెట్‌ది అమెరికన్ సెడాన్లలో ఉండేదే. ముందు సస్పెన్షన్‌లో కూడా చాలా భాగాలు షెవర్లే కుటుంబ కార్లవే.

శక్తి అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అప్పటి హార్స్‌పవర్ ఇంజనును బెంచీ మీద పెట్టి, పొగగొట్టాలు, ఫ్యాన్ల భారం లేకుండా కొలిచినది. అమెరికాలో 1972 నుంచి బండిలో ఉన్నట్టుగా కొలవడం మొదలుపెట్టాక అంకెలన్నీ పడిపోయాయి. జాగ్వార్ 265 కూడా ఆ పాత పద్ధతిదే. నిజానికి రెండు కార్లూ గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఆరేడు సెకన్లే తీసుకునేవి. నేరుగా దూసుకుపోవడంలో పెద్ద వి8దే పైచేయి. మలుపుల్లో, బ్రేకు వేసేటప్పుడు జాగ్వార్‌ది.

అమెరికాలో కార్వెట్ ధర 4,000 డాలర్ల పైచిలుకు. ఇ-టైప్ అయిదున్నర వేల పైన. అయినా ఇ-టైప్‌లలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్ళాయి. బ్రిటిష్ కారుగా పేరుపడ్డ బండికి ప్రధాన కొనుగోలుదారు అమెరికన్. ఆ కొనుగోలుదారుణ్ణే దృష్టిలో పెట్టుకుని కార్వెట్ యూరప్ పద్ధతులు ఒక్కొక్కటీ నేర్చుకుంది. అంటే ఈ రెండు సంప్రదాయాలూ ఒకే గిరాకీ కోసం పోటీపడుతూ ఒకదాన్నొకటి మార్చుకున్నాయి.

వేడి, ఉప్పుగాలి

వేసవిలో బహ్రెయిన్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రం ఆనుకుని ఉన్న జుఫైర్‌లో దానికి తేమ, ఉప్పు కలుస్తాయి. పాత స్పోర్ట్స్ కారుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు.

ఇ-టైప్ ముక్కు రంధ్రం గాలి లెక్కల కోసం చిన్నది. వేగంగా పోతున్నప్పుడు రేడియేటరుకు గాలి సరిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం దాని కరెంటు ఫ్యాను మీదే భారమంతా. ఈ కారు నిలబడి ఉంటే వేడెక్కుతుందని యజమానులంతా చెప్పేదే. కార్వెట్ వి8కు కూడా వేడి శత్రువే, లె మాన్ మంచుగడ్డలే సాక్ష్యం. కానీ వీధి స్టింగ్ రేకు ఇంజను తిప్పే పెద్ద ఫ్యాను ఉంది. 1963 నుంచే ఏసీ కూడా పెట్టించుకోవచ్చు. ఆ మొదటి ఏడాది 278 బండ్లకే ఏసీ వచ్చింది. ఇ-టైప్‌కు ఏసీ రావడానికి 1960ల చివరి దాకా ఆగాల్సి వచ్చింది.

తుప్పు విషయంలో తేడా ఇంకా పెద్దది. ఇ-టైప్‌కు బలమంతా ఆ ఉక్కు రేకు పెట్టెలోనే ఉంది. డోర్ల కింది పెట్టెల్లాంటి గుమ్మాల్లోకి, నేల రేకుల్లోకి తేమ చేరితే లోపలి నుంచి తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద బలం పోతుంది. అలాంటి బండిని బాగుచేయడమంటే కొత్త రేకులు కొలతకు తెచ్చి వెల్డింగు చేయడం. మిల్లీమీటరు తేడా వచ్చినా బానెట్ కుదరదు. కార్వెట్ ఒంటికి తుప్పు పట్టదు. ఫైబర్‌గ్లాస్‌లో తుప్పు పట్టే ఇనుము లేదు కాబట్టి ఉప్పు దాన్నేమీ చేయదు. ఎండకు రంగు పెళుసై, నెర్రెలు రావచ్చు, అంతే. కానీ కొనేవాళ్ళు మోసపోయేదీ ఇక్కడే. ఫైబర్‌గ్లాస్ లోపలున్న ఉక్కు పంజరం, ముఖ్యంగా ముందు అద్దం చుట్టూ ఉన్న భాగాలు, కింది చాసిస్ తుప్పు పట్టగలవు. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. జుఫైర్ లాంటి చోట ఏ పాత కార్వెట్‌నైనా కొనాలంటే కార్పెట్ తీసి చూడకుండా కొనకూడదు. ఏదేమైనా ఆ వాతావరణానికి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే స్టింగ్ రే వైపే మొగ్గాలి.

పందెం నుంచి దూరం

1963లో రెండు సంస్థలూ తేలికపాటి పందెం కార్లు చేశాయి. జాగ్వార్ అల్యూమినియం ఒంటితో 18 ఇ-టైప్‌లు చేయాలనుకుని 12 చేసింది. డుంటోవ్ గ్రాండ్ స్పోర్ట్ పేరుతో 125 కార్వెట్లు చేయాలనుకున్నారు. పందేల నిషేధం గుర్తుచేస్తూ కంపెనీ పెద్దలు ఆపేయడంతో అయిదే మిగిలాయి. జాగ్వార్‌కు డబ్బు తక్కువ, కార్వెట్‌కు అనుమతి తక్కువ.

1967 తర్వాత

1967 నవంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించింది. 1968 జనవరిలో ప్రధాని విల్సన్ ప్రభుత్వం గల్ఫ్ సహా సూయజ్‌కు తూర్పున ఉన్న స్థావరాలను 1971 చివరికి ఖాళీ చేస్తామని ప్రకటించింది. జుఫైర్ స్థావరం మూతపడటానికి మూలం ఈ ప్రకటనే. అదే 1968లో జాగ్వార్ బ్రిటిష్ లేలాండ్ అనే పెద్ద కలగూర సంస్థలో కలిసిపోయింది. స్థావరాన్ని మూయించిన డబ్బు కరువే కార్ల పరిశ్రమనూ కుంగదీసింది. అమెరికా కొత్త భద్రత, పొగ నిబంధనల కోసం ఇ-టైప్ హెడ్‌లైట్ల గాజు మూతలు పోయాయి. అక్కడికి వెళ్ళే బండ్లకు మూడు కార్బ్యురేటర్ల బదులు రెండు వచ్చాయి. 1971లో 5.3 లీటర్ల వి12 ఇంజను పెట్టారు. 1970ల మధ్యలో తయారీ ఆగేనాటికి మొత్తం ఇ-టైప్‌లు 72,000 దాటాయి. కార్వెట్ మాత్రం రూపాలు మార్చుకుంటూ సాగింది. 1981లో దాని తయారీ కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌కు మారింది.

బ్రిటిష్ ప్రభుత్వం చేతికి వెళ్ళి, మళ్ళీ ప్రైవేటై, తర్వాత ఫోర్డ్ చేతిలో పడిన జాగ్వార్‌ను 2008లో టాటా మోటార్స్ ల్యాండ్ రోవర్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకు కొంది. ఎఫ్-టైప్ పేరుతో ఇ-టైప్‌కు వారసుణ్ణి తెచ్చినా 2024లో దాన్నీ ఆపేశారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెంలో జాగ్వార్ విద్యుత్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని తప్పుకున్నాయి. ఆ రోజు మొదటి స్థానం నుంచి బయలుదేరింది జాగ్వార్ డ్రైవరు మిచ్ ఎవాన్సే.

బహ్రెయిన్‌లో రెండు పేర్లూ పందెం పరుగెత్తాయి. 2004లో సఖీర్‌లోని కొత్త ట్రాక్ మీద జరిగిన మొదటి ఫార్ములా వన్ పందెంలో జాగ్వార్ జట్టు డ్రైవరు మార్క్ వెబర్ ఎనిమిదో స్థానంలో వచ్చి ఒక పాయింటు తెచ్చారు. ఆ ఏడాది చివర్లో ఆ జట్టు రెడ్ బుల్‌కు అమ్ముడుపోయింది. 2023 నవంబరులో ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీల చివరి పందెం అదే ట్రాక్ మీద జరిగినప్పుడు కార్వెట్ తన తరగతి టైటిల్ అప్పటికే ఖాయం చేసుకుని వచ్చింది. ఇంజను నడుమన ఉండే కార్వెట్ కోసం డుంటోవ్ జీవితమంతా వాదించారు. అది 2020 మోడల్‌గా వచ్చింది. ఫ్యాక్టరీ నుంచే కుడి చేతి స్టీరింగుతో దొరికిన మొదటి కార్వెట్ కూడా అదే.